గండికోటకని బయల్దేరి అశోక్‌నగర్ దాకా

మా తెనాలిలో నేను క్యారవాన్ ఎక్కి గండికోట వెళ్లొచ్చానని ఒక కథ నడుస్తోంది. నా కుట్టుమిషను దగ్గరికి వచ్చే ఆడవాళ్లు జాకెట్టు కొలతలు పక్కన పెట్టి, "అందులో పడక ఉంటుందటగా, స్నానాల గది కూడా ఉంటుందటగా" అని అడుగుతున్నారు. ఉన్నాయి, కాదనను. కానీ ఆ బండిలో కూర్చుని నేను చూసిన ప్రదేశాలు చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్. మూడూ కలిపితే ఒక పూట నడక కూడా కాదు. వచ్చి ఇన్నాళ్లయినా నాకింకా ఆ దిమ్మ వదల్లేదు. అందుకే రాస్తున్నాను.

మా అక్క వరలక్ష్మి పెళ్లయిన దగ్గర్నుంచీ చిక్కడపల్లిలోనే ఉంది. బావగారు సుబ్బారావు గారు ప్రభుత్వ ఆఫీసులో పెద్ద హోదాలో చేసి రిటైరయ్యారు. సినిమా షూటింగుల్లో నటులు విశ్రాంతి తీసుకునే క్యారవాన్ ఒకటి పాతబడి అమ్మకానికి వస్తే, దేశమంతా తిరుగుదామని కొన్నారు. ఆయనకి మోకాలి నొప్పి కాబట్టి, గేర్లు తనంతట తనే మార్చుకునే ఆటోమేటిక్ బండి అని ముచ్చటపడ్డారు. కొన్న ఏడు వెళ్లలేదు, తర్వాతి ఏడూ వెళ్లలేదు. మొన్న ఉన్నట్టుండి అక్క ఫోన్ చేసి, గండికోట వెళ్తున్నాం, నువ్వు రావాల్సిందే అంది. దుకాణం మూసి రైలెక్కాను.

కాచిగూడ

స్టేషన్ బయటికి అడుగు పెట్టగానే ఆటో అతను, "ఏడికి పోవాలె అక్కా?" అన్నాడు. నాకంటే పదేళ్లు పెద్దవాడిలా ఉన్నాడు. మా వైపు అయితే "ఎక్కడికండీ" అంటారు. ఇక్కడ తెల్లజుట్టు ఉన్నవాళ్లకి కూడా నేను అక్కనే. చిక్కడపల్లి అంటే రెండొందలన్నాడు. తెనాలిలో ఆ డబ్బుకి ఊరు చుట్టూ తిప్పి మళ్లీ ఇంటి దగ్గర దింపుతారని నేనంటే, అయితే తెనాలి నుంచే ఆటో తెచ్చుకోవాల్సింది అని నవ్వాడు. చివరికి నూట యాభైకి ఒప్పుకున్నాడు. దారిలో బర్కత్‌పుర దగ్గర ఆటో ఆపి, తనకి చాయ్ చెప్పుకుని, నాక్కూడా ఒకటి తెచ్చి చేతిలో పెట్టాడు. డబ్బులివ్వబోతే తీసుకోలేదు. బేరం దగ్గర పీక్కుతిన్న మనిషి చాయ్ దగ్గర ఇలా మారిపోవడం చూసి తెల్లబోయాను. హైదరాబాదులో నాకు తగిలిన మొదటి విడ్డూరం అది.

చిక్కడపల్లి: ఇంటి ముందు ఇంకో ఇల్లు

సందులోకి మలుపు తిరగ్గానే బండి కనబడింది. ఆకాశం రంగు వేయించి, ముందు అద్దానికి పసుపు కుంకుమ పెట్టి, మడత నలగని పెళ్లికొడుకులా నిలబెట్టారు. లోపల పడక, గ్యాస్ పొయ్యి, చిన్న ఫ్రిజ్, చుట్టూ బల్బులున్న మేకప్ అద్దం. ఆ అద్దంలో మొహం చూసుకుని నేనే కాసేపు హీరోయిన్నయ్యాను. ఒక్కటే వింతగా అనిపించింది. ఎడమ వైపు గోడ కోసేసి, పడక పొడుగునా ఒక పెద్ద కిటికీ పెట్టించారు. కుడి వైపు చిన్న కన్నం కూడా లేదు. ఇదేంటని అడిగితే, "మీ బావగారి ఇంజనీరింగు. రెండేళ్ల కింద కోయించారు. గాలి అటు నుంచే రావాలట" అని అక్క మూతి తిప్పింది.

మర్నాడు పొద్దున్నే బావగారి కార్యక్రమం చూశాను. స్నానం చేసి, అగరొత్తి వెలిగించి, బండి స్టార్ట్ చేస్తారు. కదపరు. గేర్ లివరు ముందుకీ వెనక్కీ ఒక్కో గడీ జరుపుతారు. తర్వాత దిగి, మూత ఎత్తి, గేర్‌బాక్సు నూనెలో ఉండే పొడవాటి కొలత పుల్ల బయటికి లాగి, గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి తీసి, ఆ గుడ్డ మీద అద్ది చూస్తారు. "చూశావా సత్యవతీ, ఎర్రగా ఉంది. నూనె ఎర్రగా ఉన్నంత వరకు గేర్‌బాక్సు ఆరోగ్యంగా ఉన్నట్టు" అని నాకు పాఠం చెప్పారు. వానైనా, ఒంట్లో బాగోకపోయినా ఏళ్ల తరబడి ఈ పూజ తప్పలేదట. పూజ అయ్యాక కూర్చుని ఉప్మా తిన్నాం.

ఎప్పుడు బయల్దేరుతున్నాం అని అప్పుడడిగాను. బావగారు గొంతు సవరించుకున్నారు. గేర్‌బాక్సు నూనె, అందులో ఉండే ఫిల్టరు మార్చాలా వద్దా అన్నది తేలాక బయల్దేరతాం అన్నారు. నేను దుకాణం మూసుకుని వచ్చింది ఇది తేలడానికా?

సంగతేమిటంటే, ఆయన అడగని మనిషి లేడు. ఒక మెకానిక్కు కిలోమీటర్ల లెక్కన మార్చాలన్నాడట. ఆ లెక్కన బండి అసలు తిరగనే లేదు, ఇంకా బోలెడు గడువుంది. ఇంకొకడు తిరిగినా తిరక్కపోయినా ఏళ్ల లెక్కన మార్చాలన్నాడట. ఆ లెక్కన గడువు ఎప్పుడో దాటింది. నారాయణగూడలో షెడ్డున్న యాదగిరి మాత్రం, అలవాటు పడ్డ పాత నూనె తీసి కొత్తది పోస్తే గేర్లు జారిపోతాయి, ముట్టుకోకుండా ఉండటమే మేలన్నాడట. ఆఫీసులో నలుగురి అభిప్రాయాలూ తీసుకుని సంతకం పెట్టడం అలవాటైన మనిషి ఆయన. అభిప్రాయాలన్నీ వచ్చాయి, సంతకమే మిగిలింది.

లైబ్రరీ రోడ్డు

సాయంత్రం అక్కా నేనూ కూరగాయలకని బయల్దేరాం. లైబ్రరీ ముందు పరీక్షలకి చదివే పిల్లలు లోపల చోటు చాలక గోడ నానుకుని, మెట్ల మీద, పార్కు చేసిన బండ్ల మీద కూడా కూర్చుని చదువుతున్నారు. మిర్చి బజ్జీ బండి దగ్గర ఆగాం. ఇక్కడ బజ్జీ మధ్యకి కోసి ఉల్లిపాయ కూరి నిమ్మకాయ పిండుతారు. మా వైపు మిరపకాయలో వాము పెడతారు. ఏది గొప్పో తేల్చుకోవడానికి రెండో ప్లేటు తిన్నాను. అక్క హైదరాబాదుదే గొప్పంది. నలభై ఏళ్లు ఇక్కడ ఉన్న మనిషి అంతకన్నా ఏమంటుంది? మాటల్లో "జర ఆగు", "పరేషాన్ చేయకు" అని కూడా అంటోంది. నాకు నవ్వొచ్చింది.

రోడ్డు దాటుతుండగా కుడి వైపు నుంచి ఒక బైకు వచ్చింది. నాకు స్పష్టంగా కనబడుతోంది. అక్క తిన్నగా దాని దారిలోకి అడుగు వేసింది. చెయ్యి పట్టి వెనక్కి లాగాను. బైకు అతను తిట్టుకుంటూ పోయాడు. చీకటి కూడా పడలేదు, లైట్లన్నీ వెలుగుతున్నాయి. కనబళ్లేదా అని అరిచాను. అక్క నా మొహం చూడకుండా, "కుడి కన్ను దాదాపు పోయింది సత్యా" అంది.

అక్కడే ఒక మూసిన షాపు మెట్ల మీద కూర్చున్నాం. కంట్లో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతిందట. పోయిన చూపు తిరిగి రాదట. ఎడమ కంటికి కూడా అంచుల నుంచి మసక మొదలైందట. చుక్కల మందుతో ఎంత కాలం ఆపగలరో డాక్టరు చెప్పలేదట. ఏడాదిగా పక్కింటావిడని తోడు తీసుకుని రహస్యంగా చూపించుకుంటోంది. బావగారికి చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదంటే, "చెబితే దానికీ నలుగురి అభిప్రాయం అడుగుతారు. ఆపరేషనా మందులా అని తేల్చేలోపు ఉన్నది కూడా పోతుంది. నాకు గండికోట లోయ చూడాలని ఉంది. ఎంత ఇరుకు కంటితో చూసినా ఇంకా మిగిలిపోయేంత పెద్దది ఒక్కటి చూడాలి" అంది. ఆయనకి చెప్పనని నా చేత ఒట్టేయించుకుంది. కూరగాయలు కొనకుండానే ఇల్లు చేరాం.

నాకు ఆ రాత్రి బావగారి మీద వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. చెప్పకూడని కారణం కడుపులో పెట్టుకుని, చెప్పగలిగింది మాత్రం చెప్పాను. రేపు పొద్దున నూనె మారుస్తారా, నేను తెనాలి వెళ్లిపోనా అన్నాను. ఆయన నా వంక చూసి, సరే అన్నారు. ఇన్నేళ్లు తేలనిది ఒక్క మాటకి తేలిపోయేసరికి నాకే నమ్మబుద్ధి కాలేదు.

నారాయణగూడ: గేర్‌బాక్సులో పరుపు

యాదగిరి మెడలో గొలుసు, నోట్లో పాన్, తన గురించి తనకి బోలెడు గౌరవం. ముట్టుకోవద్దన్నవాడు కాస్తా, డబ్బు మాట రాగానే తనంత చేయి తిరిగినవాడు ఊళ్లో లేడని మొదలెట్టాడు. బండిని పైకి లేపి, గేర్‌బాక్సు అడుగున ఉండే రేకు పళ్లెం విప్పాడు. నూనె కారింది. వాసన మాడిన పోపులా ఉంది. లోపల ఫిల్టరు ఊడదీసి, వెలుతురులో పెట్టి చూసి, పాన్ నమలడం ఆపేశాడు.

"ఏంది సార్ ఇది, గేర్‌బాక్స్‌ల పరుపేసిండ్రా?" అన్నాడు.

ఫిల్టరు జల్లెడ నిండా ఎర్రగా, మెత్తగా, మందంగా పేరుకుపోయింది ఏదో. ఇనప రజను కాదు. యాదగిరి అది నూనె గడ్డ కట్టిందన్నాడు, కాదు రబ్బరు కరిగిందన్నాడు, ఆఖరికి కంపెనీవాడే అలా పెట్టి ఉంటాడన్నాడు. నేను గోటితో గీకి చూశాను. పీచు. నా మిషను సూది కింద పళ్లెం విప్పితే వారం వారం ఇదే వస్తుంది. నూలు దుమ్మూ నూనే కలిసి ఇలాగే పరుపు కడుతుంది. గేర్‌బాక్సులోకి నూలు ఎలా వచ్చిందో నాకు అంతు పట్టలేదు.

అక్క దగ్గరికి వచ్చింది. తల కాస్త పక్కకి తిప్పి, ఎడమ కంటితో చూసింది. "ఇది నా మంగళగిరి చీర" అంది.

బావగారు లుంగీ మడతలోంచి గుడ్డ తీశారు. రోజూ కొలత పుల్ల తుడిచే గుడ్డ. అక్క ఎర్ర నూలు చీర, కట్టి కట్టి మెత్తబడ్డాక ముక్కలు చేసింది. పాత నూలు చీరకి మించిన గుడ్డ లేదని మన ఇళ్లలో నేల తుడిచే దగ్గర్నుంచి పసిపిల్లల పక్కల దాకా అన్నిటికీ అదే వాడతాం. ఆయనా అదే వాడారు. తుడిచిన ప్రతిసారీ నాలుగు పోగులు పుల్లకి అంటుకుని లోపలికి వెళ్లాయి. అలా ఏళ్ల తరబడి, రోజూ, శ్రద్ధగా.

నాకింకో అనుమానం వచ్చింది. నా సంచిలో ఉన్న తెల్ల లైనింగు ముక్క తీసి, ఆ నూనెలో ముంచాను. కాఫీ డికాషన్ రంగు. అదే నూనె ఎర్ర గుడ్డ మీద అద్దితే ఎర్రగానే కనబడింది. ఆయన ఇన్నాళ్లూ చూసింది నూనె రంగు కాదు, చీర రంగు. బావగారు తెల్ల ముక్కనీ ఎర్ర ముక్కనీ పక్కపక్కన పెట్టుకుని, "రోజూ చూశానమ్మా. ఒక్క రోజు కూడా మానలేదు" అన్నారు. నిన్నటి నా కోపం ఎటు పోయిందో తెలియదు. ఆయన చేతిలోంచి ఆ గుడ్డ తీసుకుని నా సంచిలో వేసుకున్నాను.

యాదగిరి ఎక్కడెక్కడికో మనిషిని పంపి ఫిల్టరు తెప్పించాడు. పళ్లెం కడిగి, కొత్త నూనె పోశాడు. ఈసారి నిజంగానే ఎరుపు. కానీ నూనె సరిగా అందక గేర్లని పట్టి ఉంచే లోపలి ప్లేట్లు ఎంత మాడాయో విప్పితే గానీ తెలియదట. విప్పితే వారాల పని. ఇలా పోతే ఎంత దూరం పోతుందని అడిగితే, "నడిస్తే కన్యాకుమారి దాంక నడుస్తది సార్. ఆగితే గీ మలుపుల్నే ఆగుతది" అన్నాడు. గ్యారంటీ అడిగే ధైర్యం మాకు లేకపోయింది.

అశోక్‌నగర్: ఇంతవరకే

బయల్దేరే ముందు ఇందిరా పార్కు దాకా ఒకసారి తిప్పి చూద్దామన్నారు బావగారు. అక్క మాత్రం బట్టల సంచి, మందుల పెట్టె, పులిహోర డబ్బా పట్టుకుని ఎక్కి కూర్చుంది. ట్రయలుకి సంచి ఎందుకే అంటే, దిగితే మళ్లీ ఎక్కనివ్వరు అంది. పడక మీద, ఆ పెద్ద కిటికీ పక్కన కూర్చుని రోడ్డు చూస్తుంటే ఆవిడ మొహం వెలిగిపోయింది. కిరాణా కొట్లు, కోచింగ్ సెంటర్ల బోర్డులు, ర్యాంకులు వచ్చిన పిల్లల ఫొటోలు ఆ కిటికీలోంచి పోతున్నాయి. గండికోటకి ఇదే దారి అన్నట్టు చూస్తోంది.

అశోక్‌నగర్‌లో ఒక మలుపు దగ్గర ఇంజను గట్టిగా అరిచింది. బండి కదల్లేదు. బావగారు లివరు అన్ని గడుల్లోకీ జరిపారు. రోజూ పొద్దున జరిపినట్టే జరిపారు. ఇంజను అరుస్తూనే ఉంది, చక్రాలు తిరగలేదు. ఒక్కసారిగా వెనకాల హారన్లు మొదలయ్యాయి.

కోచింగ్ పిల్లలు పుస్తకాలు పక్కన పెట్టి వచ్చి, ఒక పట్టు పట్టి బండిని గోడ వారకి నెట్టారు. యాదగిరికి ఫోన్ చేస్తే, నేను ముందే చెప్పిన గదా సార్ అన్నాడు. అతను చెప్పిన రకరకాల మాటల్లో ఏది ముందుదో మాకు తెలియలేదు. గేర్‌బాక్సు దింపాల్సిందే, మనిషి దొరికేదాకా బండి అక్కడే ఉండనివ్వమన్నాడు.

తలుపు దగ్గర ఒకమ్మాయి నిలబడి లోపలికి తొంగి చూసింది. పేరు స్రవంతి, మహబూబాబాద్ దగ్గర పల్లెటూరట, గ్రూప్స్‌కి చదువుతోంది. "ఆంటీ, బండి ఈడనే ఉంటదా? జర లోపల కూసోని చదువుకుంటం. మా హాస్టల్‌ల కూసునే జాగ లేదు" అంది. వాళ్ల గదిలో మంచాలే తప్ప నడిచే చోటు లేదట, ఒకళ్లు లేస్తేనే ఇంకొకళ్లు కాళ్లు కిందపెట్టాలట. దానికి తను కడుతున్న కిరాయి చెప్పింది. తెనాలిలో నా దుకాణమూ ఇల్లూ కలిపినా అంత లేదు. నోరు వెళ్లబెట్టాను. ఆగిపోయిన బండి చూసి మేం ఏడుస్తుంటే, వాళ్లకది కలిసొచ్చిన గదిలా కనబడింది. కాసేపట్లో పడక మీద ముగ్గురు, మేకప్ అద్దం ముందు ఒకరు పుస్తకాలు తెరిచారు. అక్క పులిహోర డబ్బా తెరిచి వాళ్లకి పెట్టింది.

బావగారు డ్రైవరు సీట్లో స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చున్నారు. వారాలు పడుతుంది, బాగయ్యాక వెళ్దాం అంటారని నేను ఎదురు చూశాను. అక్క కూడా చూసింది. ఆవిడ చేతిలో గరిటె ఆగిపోయింది. ఆయన ఎవరినీ ఏమీ అడగలేదు. కిందికి దిగి, తాళం చెవి స్రవంతి చేతిలో పెట్టి, రాత్రిళ్లు తలుపు వేయమని చెప్పి, అక్క సంచి భుజాన వేసుకున్నారు. "పద, బస్సుకి పోదాం" అన్నారు. అక్క నన్ను చూసింది, నేను అక్కని చూశాను. బట్టల సంచి కూడా లేని ఆయన వేసుకున్న చొక్కాతోనే ఆటో ఆపారు.

కర్నూలు బస్సు

గండికోట లోయ ఎంత లోతో, పెన్న ఎలా పారుతుందో రాయగలిగినవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ అంచున ఒక బండ మీద కూర్చున్న మా అక్క మధ్యాహ్నం ఎండెక్కేదాకా లేవలేదు, నేనింతవరకే చెబుతాను. నన్ను ఇంకా వదలనిది అంతకుముందు కర్నూలు బస్సులో జరిగిన సంగతి.

బస్సు సగం నిండి ఉంది. కుడి వైపు సీట్లు ఖాళీగా ఉన్నాయి, నేను వెళ్లి కూర్చోబోయాను. బావగారు ఆగమన్నారు. ఎడమ వైపు కిటికీ దగ్గర కూర్చున్న ఒకాయన్ని, జరిగి ఇటు కూర్చుంటారా అని అడిగారు. అతను విసుక్కుని, ఇన్ని సీట్లుంటే ఇదే ఎందుకన్నాడు. బావగారు మామూలు గొంతుతోనే, "మా ఆవిడకి కుడి వైపు కనబడదండీ" అన్నారు.

అతను లేచాడు. అక్క కూర్చుంది. పక్కన బావగారు, వెనక సీట్లో నేను. బండికి ఒక్క వైపే కోయించిన ఆ కిటికీ కళ్ల ముందుకొచ్చింది. అది పెట్టించి రెండేళ్లయిందని అక్కే చెప్పింది.

బస్సు ఊరు దాటాక అక్క మెల్లగా, ఎప్పట్నుంచి తెలుసని అడిగింది.

"నీకంటే ముందే" అన్నారు ఆయన. "కాఫీ కుడి పక్కన పెడితే వెతుక్కునేదానివి. అప్పట్నుంచి ఎడమ పక్కనే పెడుతున్నాను." టికెట్లు జేబులో పెట్టుకుంటూ, "కొండల్లో ఎక్కడో బండి ఆగిపోయి చీకటి పడితే, నిన్ను పట్టుకుని ఎటు నడవాలో తెలియక భయపడ్డాను లక్ష్మీ. అందుకే ముందు బండి తేలాలనుకున్నాను" అన్నారు.

ఎడమ వైపు కిటికీలోంచి బండలు, తాటిచెట్లు, పత్తి చేలు పోతున్నాయి. షాద్‌నగర్ దాటింది, జడ్చర్ల దాటింది. ఆయన కోరి ఇప్పించిన ఆ కిటికీలోంచి అక్క ఒక్కసారి కూడా బయటికి చూడలేదు. ఆయన కూర్చున్నది కుడి పక్కన కాబట్టి, తల పూర్తిగా అటు తిప్పి, ఆయన్నే చూస్తూ కూర్చుంది.